పెరట్లో తేనె పెట్టెలకు నియమాలు రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా పర్లాకిమిడిలో మామిడి పూతతో పాటే తేనెటీగల గొడవ కూడా మొదలైంది. మా వీధి చివర వాటర్ ట్యాంకు కింద పెద్ద పట్టు పట్టింది. ఎవరో పిల్లలు రాళ్ళు విసిరితే అవి లేచి దారిన పోయేవాళ్ళను కుట్టాయి. సాయంత్రానికల్లా వీధివాళ్ళు మా ఇంటికొచ్చి, పెరట్లో ఉన్న నా రెండు పెట్టెలూ తీసెయ్యమన్నారు.

ట్యాంకు కింద వేలాడినవి కొండ తేనెటీగలు. అవి పెట్టెలో పెంచేవి కావు. నా దగ్గరున్నవి పుట్ట తేనెటీగలు. ఒంటికి చిన్నవి, చెట్టు తొర్రల్లో, గోడ కన్నాల్లో కాపురముండేవి. ఇవి కుట్టవని నేను అనను, పెట్టె కదిపితే కుడతాయి. కానీ తేడా చూడకుండా అన్నిటికీ కిరసనాయిలు కాగడాయే మందంటే ఎలా? ఆ రాత్రి ట్యాంకు పట్టును కాల్చేశారు. తెల్లారి చూస్తే రెక్కలు కాలిన ఈగలు రోడ్డు మీద ఇంకా పాకుతూనే ఉన్నాయి. నాకు అన్నం సయించలేదు.

ఎవరైనా ఎక్కడైనా పెట్టెలు పెట్టుకోవచ్చని కాదు నా మాట. పెట్టె ద్వారం వీధివైపు ఉండకూడదు. ఎదురుగా ఆరడుగుల గోడో, గుబురు కంచో ఉంటే ఈగలు పైకి లేచి మనుషుల తలల మీదుగా వెళ్ళిపోతాయి. పక్కింటి వదినగారికి కుట్టడం కన్నా, ఎండాకాలంలో అవి ఆవిడ కుళాయి చుట్టూ మూగడమే పెద్ద టెన్షన్. అందుకే మట్టి మూకుట్లో గులకరాళ్ళు పోసి, రాళ్ళు పూర్తిగా మునగకుండా నీళ్ళు పోసి పెట్టెల పక్కనే ఉంచుతున్నాను. ఎండలు ముదరకముందే పెట్టాలి, కుళాయికి అలవాటు పడ్డాక మళ్ళించడం కష్టం. తేనె తీసే రోజు ఇరుగుపొరుగుకు ముందే చెప్పాలి. ఈగ కుడితే ఊపిరాడని మనిషి పక్కింట్లో ఉంటే పెట్టె అక్కణ్ణించి తీసెయ్యాల్సిందే.

న్యూయార్క్ నగరంలో 2010 దాకా తేనెటీగల పెంపకం నిషేధం. ఇప్పుడు పెట్టెలు నమోదు చేయించి, నీటి వసతి చూపిస్తే పెంచుకోవచ్చు. మన దేశంలో జాతీయ తేనెటీగల బోర్డువారి మధుక్రాంతి పోర్టల్ ఉంది గానీ, అది తేనె ఎక్కణ్ణించి వచ్చిందో తెలియడానికి. ఇరుకు వీధిలో పెట్టె ఎక్కడ పెట్టాలన్నది పురపాలక సంఘాలే తేల్చాలి. ఎంత స్థలానికి ఎన్ని పెట్టెలో, పట్టు పడితే కాల్చకుండా ఎవరిని పిలవాలో కూడా రాయాలి. ఆ కాగితం ఒడియాతో పాటు తెలుగులోనూ ఇవ్వాలి. మా వీధిలో చాలామంది చదవగలిగేది తెలుగే.

– ఒక గృహిణి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా