మీ టీవీ ఎందుకు ఆలస్యమవుతోందంటే

పాత బ్లాక్ అండ్ వైట్ టీవీలు నాకు అప్పగించి నెలల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లందరికీ నమస్కారం. మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ "వచ్చే వారం చూద్దామండీ" అంటూ నెట్టుకొస్తున్నాను. ఆ మాట చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. అందుకే ఇవాళ పని పక్కనపెట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఈ రోజుకి నా దగ్గర 16 సెట్లున్నాయి. నాలుగింటికి బొమ్మ వచ్చింది. వాటిని ఇంటికి పంపే ముందు రోజుకు నాలుగు గంటల చొప్పున నడిపి చూస్తున్నాను. ఆరింటి పని సగంలో ఉంది. మూడింటికి ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ (పిక్చర్ ట్యూబ్‌కి వేల వోల్టులు పుట్టించేది) దొరకలేదు. రెండింటికి ఇంకా వెనక మూతే తీయలేదు. మిగిలిన ఒక్కటీ ఇక వెలగదు. దారిలో ఎక్కడో దెబ్బ తగిలి పిక్చర్ ట్యూబ్ మెడ చిట్లింది. మెడ లోపల అద్దంలా మెరిసే ఒక మచ్చ ఉంటుంది, అది పాలలా తెల్లబడిందంటే లోపలికి గాలి వెళ్లిపోయిందని అర్థం. ఇక ఆ ట్యూబుకి ఎవరూ ఏమీ చేయలేరు. ఆ కస్టమర్‌కి నిన్ననే చెప్పాను.

ఆలస్యానికి సగం కారణం విడిభాగాలు. మిగతా సగం నేనే. పని చేసే పద్ధతి మార్చుకున్నాను, దానివల్ల ప్రతి సెట్‌కీ ఇదివరకటి కన్నా రెట్టింపు సమయం పడుతోంది. ఎందుకు మార్చుకున్నానో చెప్పాలంటే ముందు నా చేతుల్లో పాడైపోయిన టీవీ సంగతి చెప్పాలి.

పోయిన ఏడాది ఒక పెద్దావిడ 12 అంగుళాల చిన్న సెట్ తెచ్చారు. ట్రాన్సిస్టర్లతో నడిచేదే, వాల్వులు (ట్రాన్సిస్టర్లకి ముందు వాడిన గాజు గొట్టాలు) లేవు. సౌండ్ బ్రహ్మాండంగా ఉంది, బొమ్మే మసక. బ్రైట్‌నెస్ చివరిదాకా తిప్పి, గదిలో లైట్లన్నీ ఆర్పితే తప్ప ఎవరి మొహం ఎవరిదో తెలియదు. ట్యూబ్ అరిగిపోయిందన్నమాట. ట్యూబ్ మెడలో కేథోడ్ అని వేలి గోరంత కూడా లేని ఒక చిన్న లోహపు ముక్క ఉంటుంది. దాని కొసన బేరియం, స్ట్రాంషియం ఆక్సైడ్ల పూత. లోపలి హీటర్ దాన్ని కాలిస్తే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి, అవే వెళ్లి తెర వెనక పూతకి తగిలి వెలుగిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూతలో సత్తువ పోతుంది. దీనికో మొరటు వైద్యం ఉంది. హీటర్‌కి మామూలు కన్నా ఎక్కువ వోల్టేజి ఇచ్చి, కేథోడ్ నుంచి ఒక్క క్షణం గట్టిగా కరెంటు లాగితే పైన చచ్చిన పొర రాలిపోయి కిందున్న పూత పనిలోకి వస్తుంది. వస్తే వచ్చినట్టు. లేదంటే ఉన్న కాస్త పూతా ఊడిపోతుంది.

ఈ వైద్యం నేను చాలాసార్లు చేశాను, ఎక్కువసార్లు పనిచేసింది. ఆ ధైర్యంతో ఆవిణ్ణి ఒక్క మాట అడక్కుండా చేసేశాను. బొమ్మ ఎంత తెల్లగా వచ్చిందంటే, వెంటనే ఫోన్‌తో ఫొటో తీసి ఆవిడకి పంపాను కూడా. సాయంత్రానికి తెర నల్లబడింది. మళ్లీ వెలగలేదు. ఫోన్ చేసి చెప్పేటప్పుడు తిడతారనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. "మసకగానైనా కనిపించేది కదా బాబూ" అన్నారు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నాలుగు నెలలు వెతికి, తుక్కులోకి పోబోతున్న ఒక సీసీటీవీ మానిటర్‌లోంచి అదే సైజు ట్యూబ్ సంపాదించి బిగించాను. బొమ్మ బాగుంది. కాకపోతే ఆ ట్యూబ్ ఏళ్ల తరబడి ఒకే దృశ్యం చూపించింది కదా, తేదీ, టైమూ పడే చోట తెర మాడిపోయి కింది మూలన అంకెల నీడ ఉండిపోయింది. టీవీ ఆపేసి ఉన్నప్పుడు గోధుమరంగు మరకలా కనిపిస్తుంది. ఆవిడ వచ్చి కళ్లజోడు సర్దుకుని చూసి, "ఈ మచ్చ మా టీవీది కాదు" అన్నారు. కాదండీ, అన్నాను. తీసుకెళ్లారు. డబ్బు తీసుకోలేదు నేను. తీసుకునే మొహం కూడా లేదు.

అప్పట్నుంచి ట్యూబ్ మీద ఏ ప్రయోగం చేయాలన్నా ముందు మీకు ఫోన్ చేస్తున్నాను. "ఇప్పుడిలా ఉంది, చేస్తే ఇలా అవ్వొచ్చు, పూర్తిగా పోనూ వచ్చు" అని చెప్పి, మీరు సరే అంటేనే చేస్తాను. కొందరు ఆలోచించుకోవడానికి వారాలు తీసుకుంటారు. తీసుకోండి, తొందరేం లేదు. మసకగా ఉన్నా చాలనుకునేవాళ్లకి ట్యూబ్ ముట్టుకోకుండా మిగతా సెట్ అంతా బాగుచేసి ఇస్తాను. నిజానికి చాలా సెట్లలో ట్యూబ్ బాగానే ఉంటుంది, దానికి అందాల్సిన వోల్టేజీలే అందవు. ముందు వాటిని సరిచేస్తే ఆ మసక దానంతటదే సగం తగ్గుతుంది. ఆ సంగతి తెలిసీ ఆ రోజు తొందరపడ్డాను.

రెండో మార్పు. ఇప్పుడు ఏ సెట్టూ వచ్చిన రోజే కరెంటు పెట్టి చూడను. మీరూ చూడకండి, ఇది మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను. అటక మీద ముప్ఫై ఏళ్లుగా ఉన్న టీవీని కిందికి దించి, దుమ్ము దులిపి, "పనిచేస్తుందో లేదో ఒకసారి చూద్దాం" అని ప్లగ్ పెట్టడం ఎవరైనా చేసే పనే. కానీ నా దగ్గరికొచ్చే సెట్లలో బాగుచేయలేనంతగా పాడైనవి ఎక్కువగా ఆ ఒక్క నిమిషంలో పాడైనవే.

లోపల ఏం జరుగుతుందంటే, పాత వాల్వ్ సెట్లలో మైనం పూసిన కాగితం చుట్టి చేసిన కండెన్సర్లుంటాయి. కాగితం ఏళ్ల తరబడి చెమ్మ పీలుస్తుంది. ఆపాల్సిన డీసీని ఆపకుండా కారిపోనిస్తుంది. ఆ కారిన వోల్టేజి పక్క వాల్వ్ గ్రిడ్ (కరెంటుని అదుపు చేసే తీగ జాలీ) మీద పడితే అది పట్టపగ్గాల్లేకుండా కరెంటు లాగుతుంది. అప్పుడు మాడేది కండెన్సర్ కాదు, దాని పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్. కండెన్సర్ ఎక్కడైనా దొరుకుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు. పవర్ సప్లైలోని పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ డబ్బాల సంగతి ఇంకోటి. వాటి లోపలి ఆక్సైడ్ పొర వాడకం లేక పలచబడుతుంది, హఠాత్తుగా పూర్తి వోల్టేజి ఇస్తే వేడెక్కి షార్టవుతాయి, ఒక్కోసారి పేలతాయి.

అందుకని ముందు కాగితం కండెన్సర్లన్నీ తీసేసి కొత్త ఫిల్మ్ కండెన్సర్లు వేస్తాను. ఒక్కోటి విప్పడం, మీటరు పెట్టి చూడడం, టంకం వేయడం. ఆ తర్వాతే కరెంటు, అదీ మామూలు ఫిలమెంట్ బల్బు ఒకదాన్ని సిరీస్‌లో పెట్టి. లోపల షార్ట్ ఉంటే కరెంటంతా బల్బు మింగి భగ్గున వెలుగుతుంది, సెట్ బతికిపోతుంది. బల్బు ఒక్కసారి మెరిసి మందగించిందంటే నాకు సగం టెన్షన్ తగ్గినట్టే. తొలినాటి సెట్లలో ఈ పని ఎంతుంటుందో ఊహించుకోవడానికి ఒక్కటి చెబుతాను: 1946లో ఆర్‌సీఏ కంపెనీ అమ్మిన 630-టీఎస్ సెట్‌లో పది అంగుళాల తెరకి పిక్చర్ ట్యూబ్‌తో కలిపి 30 ట్యూబులు (వాల్వులనే అలా కూడా అంటారు). ప్రతి దాని చుట్టూ నాలుగైదు రెసిస్టర్లు, కండెన్సర్లు వేసుకోండి లెక్క.

ఇక ఆ మూడు సెట్లు ఆగిపోయిన ఈహెచ్‌టీ గురించి. ఎలక్ట్రాన్లను తెరదాకా లాగడానికి పది నుంచి పద్ధెనిమిది వేల వోల్టులు కావాలి. తెర మీద ఒక గీత గీసి కిరణం వెనక్కి తిరిగే ఆ కొద్ది మైక్రోసెకన్లలో, ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఆ ఎదురుదెబ్బలోంచే అంత వోల్టేజినీ పుట్టిస్తుంది. 625 గీతల సెట్‌లో ఈ తంతు సెకనుకి 15,625 సార్లు. వెంట్రుకలాంటి తీగ వేల చుట్లు. ఒక్క చుట్టు పక్క చుట్టుకి అంటుకున్నా తెర చీకటే. కొత్తవి తయారుచేసేవాళ్లు లేరు. చచ్చిన సెట్లలోంచి తీసుకోవాలి, లేదా చేత్తో చుట్టించాలి. ఒకటి చుట్టిస్తున్నాను, ఇంకో రెండింటికి మాట ఇవ్వలేను.

ఆ 15,625 సార్ల కొట్టుకోవడం సన్నటి కీచులా వినిపిస్తుంది. ఒకప్పుడు పక్క గదిలో టీవీ ఆన్ చేస్తే తెర వెలగకముందే నాకు తెలిసిపోయేది. ఇప్పుడు వినపడట్లేదు, వయసుతో పాటు అంత పైస్థాయి శబ్దాలు చెవి దాటిపోతాయి. అందుకే మా పిల్లాణ్ణి పిలిచి "కూస్తోందా?" అని అడుగుతుంటాను. వాడు హోంవర్క్‌లోంచి తల ఎత్తకుండానే "కూస్తోంది నాన్నా" అంటాడు. మా వర్క్‌షాపులో అన్నిటికన్నా నమ్మకమైన మీటరు వాడే.

సొంతంగా రిపేరు చేద్దామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. చాలా పాత సెట్లలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కరెంటు వైరు ఒకటి నేరుగా లోపలి రేకు చాసిస్‌కే తగిలించి ఉంటుంది. ప్లగ్ తిరగేసి పెడితే చాసిస్ మొత్తం షాక్ కొడుతుంది. ఒకాయన వీడియో చూసి తన సెట్‌కి వెనక చిల్లు పెట్టి ఏవీ సాకెట్ (ప్లేయర్ నుంచి బొమ్మ, సౌండ్ ఇచ్చే సాకెట్) బిగించుకుని నాకు గొప్పగా చూపించారు. ఆ సాకెట్ బయటి రింగు చాసిస్‌కి కలిపి ఉంది. మీటరు పెడితే పూర్తి మెయిన్స్ వోల్టేజి. అదృష్టవంతులు, ఆ రోజు దాకా పొడి చేతుల్తోనే ముట్టుకున్నారు. అలాగే పిక్చర్ ట్యూబ్ గాజుకి లోపలా బయటా ఉండే పూతలు రెండూ కలిసి పెద్ద కండెన్సర్‌లా పనిచేస్తాయి. ప్లగ్ తీసి రోజులైనా అందులో ఛార్జ్ నిలిచి ఉండొచ్చు. వెనక మూత తీయకండి.

బొమ్మ వచ్చాక ఎదురయ్యే మరో చిక్కు. టీవీ బాగైంది, చూడ్డానికి ఏముంది? అమెరికాలో పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు 2009లోనే ఆగిపోయాయి, బ్రిటన్‌లో 2012లో. యాంటెన్నా పెడితే వచ్చేది చాలాచోట్ల చుక్కలూ, హోరూ. అందుకే సెట్‌తో పాటు ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా అడిగినవాళ్లకి ఇస్తున్నాను. ఇప్పటి ప్లేయర్‌లోంచి వచ్చే వీడియోని అది పాత ఛానెల్ సిగ్నల్‌గా మార్చి యాంటెన్నా సాకెట్‌లోకి పంపుతుంది, చాసిస్ జోలికి పోనక్కర్లేదు. బ్రిటన్‌లో తయారైన 405 గీతల సెట్లున్నవాళ్లు మాత్రం కాస్త ఆగాలి. ఆ పద్ధతి ప్రసారాలు 1985 జనవరిలోనే ముగిశాయి. గీతల లెక్కే మార్చే వేరే కన్వర్టర్ కావాలి. ఇప్పటి వెడల్పు బొమ్మ ఈ 4:3 తెర మీద పెడితే పైనా కిందా కలిపి నాలుగో వంతు నల్లగా మిగులుతుందని కూడా ముందే చెబుతున్నాను. చెప్పకపోతే అది రిపేరు లోపం అనుకుంటున్నారు.

మీకు తిరిగొచ్చేది మీరు గుర్తుపెట్టుకున్న టీవీ కాకపోవచ్చు. వేడెక్కడానికి అర నిమిషం పట్టొచ్చు. బొమ్మ ఒక్కోసారి పైకి దొర్లుతుంది, వర్టికల్ హోల్డ్ నాబు కాస్త తిప్పాలి. మూలలు కొంచెం వంకర. పాడైందేమో అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేయకండి, అది అంతే. కానీ ఒకటి చూడండి. తెల్లటి బొమ్మ ఉన్నప్పుడు భూతద్దం పెట్టి తెరని దగ్గరగా చూడండి. చాలా ట్యూబుల్లో తెలుపు పూత ఉండదు, నీలం రేణువులూ పసుపు రేణువులూ కలిపి పూస్తారు. దగ్గరగా చూస్తే రెండు రంగుల ఇసక, దూరం జరిగితే తెలుపు. పనికి సంబంధం లేదు గానీ, నేను ప్రతి సెట్‌కీ ఒకసారి చూసుకుంటాను.

ఒక రకం పని ఇక తీసుకోను. చెక్క పెట్టె ఉంచి లోపలున్నదంతా పీకేసి ఎల్‌ఈడీ తెర పెట్టమనేవాళ్లు, అక్వేరియం చేయమనేవాళ్లు దయచేసి వేరేవాళ్లని చూసుకోండి. తప్పని అనను, పెట్టె మీది. కాకపోతే పీకిన సామాను పారేయకుండా నాకిస్తే, ఇక్కడ ఆగి ఉన్న మూడు సెట్లలో ఏదో ఒకదానికి పనికొస్తుంది.

చేతిలో ఉన్న ఆరూ పూర్తయ్యేదాకా కొత్త సెట్లు తీసుకోవడం లేదు. ఆ తర్వాత తెచ్చేవాళ్లు బండిలో తెర వైపుని సీటు వీపుకి ఆనించి, మెత్తటి దుప్పటి అడ్డం పెట్టి తెండి. 20 అంగుళాల తెర మీద బయటి గాలి ఒత్తిడే టన్నుకు పైన ఉంటుంది, అది పగిలితే లోపలికి పేలుతుంది. వెనక మెడ వైపు ఏ బరువూ పెట్టొద్దు. ఊడిపోయిన నాబులు, విరిగిన ముక్కలైనా సరే, ఒక కవర్లో వేసి టీవీతో పాటే ఇవ్వండి. ట్యూబ్ కన్నా అవే దొరకట్లేదు.