బీరు సంగతి సరే, ఎర్తింగ్ సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో మన కుర్రాళ్లు ఇంట్లోనే బీరు తయారు చేసుకుంటున్నారంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనం చదివాను. ఒకే పాత్ర, కింద ఒక పంపు, పక్కన చిన్న కంట్రోల్ పెట్టె ఉంటే చాలని, ఎవరైనా వారాంతంలో బిగించేసుకోవచ్చని రాశారు. నేను తాగను, కాబట్టి రుచి గురించి మాట్లాడను. కాకినాడలో పాలిటెక్నిక్ పిల్లలకు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు అమెరికాలోని మిల్వాకీలో కూతురి దగ్గర ఉంటున్నాను. మా అల్లుడు బేస్‌మెంట్‌లో సరిగ్గా ఇలాంటిదే కడతానంటే, "వైరింగ్ మాత్రం నేను చూస్తాను బాబూ" అన్నాను. అందుకే మీరు వేసిన ఫొటో చూసి గుండె ఝల్లుమంది. తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు, దాని పక్కనే నిండా వేడినీళ్లున్న స్టీలు పాత్ర! దాని కింద "ఎంతో సులభం" అని ఒక వాక్యం.

ముందు ఒక చిన్న సవరణ. కథనంలో ఒకచోట దీన్ని సారా కాయడంతో కలిపేశారు. ఇందులో ఆవిరి పట్టి చల్లార్చడం లేదు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం అమెరికాలో ఇంటి బీరుకు దారి ఇచ్చింది గానీ సారాకు ఇవ్వలేదు. ఒక్కరున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లుంటే 200 గ్యాలన్లు. అమ్మకూడదు. అది కేంద్రం మాట. రాష్ట్రాలు ఒక్కొక్కటే ఒప్పుకుంటూ వచ్చాయి, మిసిసిపీ, అలబామాల్లో 2013 దాకా కుదరలేదు.

ఇక అసలు విషయం. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని 65 నుంచి 68 డిగ్రీల నీళ్లలో ఓ గంట నానబెడితే అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. మాష్ అనే ఈ నానబెట్టే పనికి ఒక పాత్ర, నీళ్లకు ఇంకొకటి, మరిగించడానికి మూడోది పెట్టుకోవడం పాత పద్ధతి. ఒకే పాత్రలో చేసేవాళ్లు బార్లీని చిల్లుల బుట్టలో వేసి లోపల దించుతారు. బుట్ట కింద హీటరు ఉంటుంది. అడుగు నుంచి పంపు ద్రవాన్ని లాగి పైనుంచి బార్లీ మీద పోస్తూనే ఉంటుంది. నానడం అయ్యాక బుట్ట పైకెత్తి వార్చి, అదే పాత్రలో హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగిస్తారు. జర్మనీ బ్రౌమైస్టర్, న్యూజిలాండ్ గ్రెయిన్‌ఫాదర్ లాంటి రెడీమేడ్ యంత్రాలూ ఈ కుదురువే. బ్రౌమైస్టర్‌లో మాత్రం పంపు కింద నుంచి పైకి తోస్తుంది.

మీ కథనం పంపు ఎంత జోరుగా తిరిగితే అంత మంచిదన్నట్టు రాసింది. నేను చూసినంతలో గొడవంతా అక్కడే ఉంది. జోరు పెంచితే పైనుంచి పడే ద్రవం బార్లీని కిందికి అదిమేస్తుంది. బుట్ట అడుగు బిగుసుకుపోతుంది. పైన మడుగు కడుతుంది, కింద మాత్రం పంపు లాగేస్తూనే ఉంటుంది. కాసేపటికి బుట్ట కింద నీళ్లు తగ్గి హీటరు బయటపడుతుంది. పైనుంచి చూసేవాడికి పాత్ర నిండుగానే కనిపిస్తుంది! ఈలోగా హీటరు పొడిగా కాలిపోతుంది. అందుకే బుట్ట మధ్యలో పొర్లు గొట్టం పెడతారు, మడుగు ఎక్కువైతే దాంట్లోంచి కిందికి దిగిపోతుంది. బార్లీ కూడా పిండి కాకూడదు, ఇడ్లీ రవ్వ కంటే ముతకగా పగలాలి. ఇంకో ఉపాయం వరి ఊక. ఇక్కడ బీరు సరుకులు అమ్మే కొట్లో ఊకను సంచుల్లో కట్టి అమ్ముతారు. బార్లీలో కాస్త కలిపితే ద్రవం దిగడానికి సందు దొరుకుతుంది. మా మిల్లుల వెనక గుట్టలుగా పోసే ఊకకి ఇక్కడ డాలర్లు పెట్టి కొంటున్నారంటే మా సామర్లకోట వాళ్లు నమ్మరు.

జోరు తగ్గించే వాల్వు పంపులోంచి బయటికొచ్చే వైపే ఉండాలి. లోపలికెళ్లే వైపు బిగిస్తే వేడి ద్రవం పంపులోనే బుడగలు కట్టి మొరాయిస్తుంది. టెంపరేచర్ సెన్సరు హీటరు దాటి పంపుకి వెళ్లే దారిలో ఉండాలి. బార్లీ మధ్యలో గుచ్చితే అక్కడికి వేడి చేరేలోపు కింద ద్రవం హద్దు దాటిపోతుంది, చక్కెర చేసే ఎంజైములు చచ్చిపోతాయి.

కరెంటు మాటకొస్తాను. 19 లీటర్ల బీరుకి 5 కిలోల బార్లీ, సుమారు 29 లీటర్ల నీళ్లు పడతాయి. మామూలు 120 వోల్టుల ప్లగ్గు మీద 1500 వాట్లతో అన్ని నీళ్లను 20 నుంచి 67 డిగ్రీలకు తేవాలంటే గంట దాటుతుంది. అందుకని 240 వోల్టులకు 5500 వాట్ల హీటరు పెట్టుకుంటారు. పని ఇరవై నిమిషాల్లోపు అయిపోతుంది. కానీ లాగేది దాదాపు 23 ఆంపియర్లు. బట్టలారబెట్టే డ్రయ్యరు సాకెట్‌కి తగిలిస్తే సరి అని మీ కథనం. పాత ఇళ్లలో ఆ సాకెట్‌కి మూడే రంధ్రాలుంటాయి, అందులో విడిగా ఎర్త్ ఉండదు. కొత్త ఇళ్లకు ఎర్త్‌తో కలిపి నాలుగు వైర్లు ఉండాలని ఇక్కడి ఎలక్ట్రికల్ కోడ్ 1996లో చెప్పింది. మూడు రంధ్రాల సాకెట్ మీద స్టీలు పాత్ర పెట్టి, తడి చేత్తో గరిట తిప్పేవాడికి ఏం చెప్పాలి?

30 ఆంపియర్ల మామూలు బ్రేకరు వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి ప్రాణం తీయడానికి 100 మిల్లీ ఆంపియర్లు చాలు, అంత చిన్న కరెంటు ఆ బ్రేకరుకి లెక్కలోకే రాదు. వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ 5 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినా కొట్టేసే జీఎఫ్‌సీఐ బ్రేకరు కావాలి. మన దగ్గర ఆర్‌సీసీబీ చేసే పనే ఇది, మన ఇళ్లలో 30 మిల్లీ ఆంపియర్లది వేస్తారు. హీటరును ఆన్ ఆఫ్ చేసే సాలిడ్ స్టేట్ రిలే గురించి కూడా ఒక మాట. అది చెడిపోతే చాలాసార్లు షార్ట్ అయి చెడిపోతుంది. అంటే కంట్రోలర్ ఆపమన్నా హీటరు ఆగదు. దానికి ముందు చేత్తో కట్టేసే మెయిన్ స్విచ్ ఒకటి ఉండి తీరాలి. పాత్రకీ, కంట్రోల్ పెట్టెకీ ఎర్త్ వైరు బోల్టుతో బిగించాలి. మా అల్లుడు మెరిసే స్టీలు పాత్రకి ఎన్ని కొట్లు తిరిగాడో! బ్రేకరు ధర చూసి మాత్రం, "ఇది తర్వాత కొందాం అత్తయ్యా" అన్నాడు. తర్వాత కొనదగ్గది పాత్రే అని చెప్పి, బ్రేకరు వచ్చేదాకా డబ్బా తెరవనివ్వలేదు.

హైదరాబాద్, విజయవాడ నుంచి కూడా బంధువుల పిల్లలు వాట్సాప్‌లో డ్రాయింగ్ పంపమంటున్నారు. మీ కథనం చదివినవాళ్లకీ ఆ ఉత్సాహం రావచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం, బీరైనా అంతే. ఈ ముక్క మీ కథనంలో ఎక్కడా లేదు, వేయవలసింది. ఇక్కడుండే మా అల్లుడి స్నేహితులకైతే డ్రాయింగ్ ఇస్తున్నాను. జీఎఫ్‌సీఐ బ్రేకరు బిగించి, టెస్ట్ బటన్ నొక్కితే అది పడిపోయే వీడియో ముందు నాకు పంపాలి.

– ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకురాలు, మిల్వాకీ