మార్కు సువార్త పాఠం గురించి తల్లిదండ్రులకు

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. గత వారం తొమ్మిదో తరగతిలో మతాల అధ్యయనం పాఠం జరుగుతుండగా తెర మీది పేజీని ఎవరో ఫోన్‌తో ఫొటో తీశారు. సగం కత్తిరించిన ఆ ఫొటో "బైబిల్ తప్పని స్కూల్లో చెబుతున్నారు" అనే మాటతో మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. మర్నాటికల్లా అదే ఫొటో "బైబిల్ కల్పితమని స్కూలే ఒప్పుకుంది" అంటూ ఇంకో గ్రూపులో తేలింది. కొందరు బాధతో ఫోన్ చేశారు, కొందరు అభినందించడానికి చేశారు. ఇద్దరికీ ఒకటే జవాబు: ఆ రెండూ మేం చెప్పలేదు.

తెర మీద ఉన్నది కోడెక్స్ సినాయిటికస్‌లోని ఒక పేజీ. క్రీస్తు శకం 4వ శతాబ్దంలో చర్మపత్రాల మీద గ్రీకులో చేత్తో రాసిన బైబిల్ అది. కొత్త నిబంధన మొత్తం ఉన్న ప్రతుల్లో ఇప్పటికి దొరికిన అతి పాతది ఇదే. పేజీకి నాలుగు కాలమ్‌లు, పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. అందులో మార్కు సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది. ఆ కాలమ్‌లో మిగతా భాగం ఖాళీగా వదిలేసి, లూకా సువార్తను పక్క కాలమ్ పైనుంచి మొదలుపెట్టారు. మన పుస్తకాల్లో కనిపించే 9 నుంచి 20 వరకు వచనాలు అక్కడ లేవు. ఇంచుమించు అదే కాలానికి చెందిన వాటికన్ ప్రతిలోనూ లేవు.

టీచర్ అక్కడితో ఆపలేదు. 5వ శతాబ్దపు కోడెక్స్ అలెగ్జాండ్రినస్ అనే ఇంకో గ్రీకు ప్రతిలో ఆ వచనాలు ఉన్నాయని చెప్పారు. ఈ ప్రతులన్నిటికంటే ముందే, సుమారు క్రీ.శ. 180లో, ఐరేనియస్ అనే క్రైస్తవ బిషప్ 19వ వచనాన్ని మార్కు పేరుతోనే ఉదహరించాడనీ చెప్పారు. ఫొటోలో కత్తిరించేసింది సరిగ్గా ఈ సగాన్నే. ఈ తేడాల్లో దాచిపెట్టిందేమీ లేదు. చాలా ఆధునిక అనువాదాలు ఆ వచనాల దగ్గరే ఫుట్‌నోట్‌లో ఈ సంగతి రాస్తాయి. ఇంట్లో బైబిల్ ఉన్నవాళ్ళు దయచేసి ఆ పేజీ అడుగున చూడండి.

ప్రతుల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం ఏ మతానికీ వ్యతిరేకమైన పని కాదు. పుణెలోని భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966 వరకు ఇదే పని చేసి మహాభారతానికి పరిష్కృత ప్రతి తయారుచేసింది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఖురాన్ ఆకుల్ని రేడియోకార్బన్ పరీక్షకు పంపితే, ఆ చర్మం క్రీ.శ. 568కీ 645కీ మధ్యదని తేలింది. వచ్చే టర్మ్‌లో ఈ రెండూ పిల్లలకు చూపిస్తాం. ఏది నమ్మాలో చెప్పడం మీ ఇంటి విషయం, దాని జోలికి మేం రాం. ఒక గ్రంథం ఎవరి చేతుల మీదుగా మనదాకా వచ్చిందో చూపించడం మా బాధ్యత.

ఇంకో విషయం మనసు విప్పి చెప్పాలి. సినాయిటికస్ ఆకులు ఇవాళ లండన్, లైప్‌జిగ్, సెయింట్ పీటర్స్‌బర్గ్, సీనాయి కొండ కింది సెయింట్ కేథరిన్ మఠం, ఇలా నాలుగు చోట్ల ఉన్నాయి. ఒకప్పుడు వాటిని చూడాలంటే పేరున్న పండితుడై ఉండాలి, ప్రయాణానికి డబ్బుండాలి, లోపలికి రానిచ్చే ఉత్తరం ఉండాలి. 2009 నుంచి ఆ నాలుగు చోట్ల ఆకులూ ఒకే చోట ఇంటర్నెట్‌లో ఉచితంగా కనిపిస్తున్నాయి. మృత సముద్రం దగ్గర దొరికిన యెషయా గ్రంథపు చుట్ట, ఏడు మీటర్ల పైచిలుకు పొడవున్నది, 2011 నుంచి ఎవరైనా దగ్గరకు లాగి అక్షరం అక్షరం చూడొచ్చు. మృత సముద్రం ఒడ్డునే ఉన్న ఏన్‌గెదీలో 1970లో దొరికిన చుట్ట బొగ్గులా మాడిపోయింది, ముట్టుకుంటే పొడి అయిపోతుంది. దాన్ని విప్పకుండానే స్కాన్ చేసి, లోపల లేవీయకాండం మొదటి అధ్యాయాలు ఉన్నాయని కంప్యూటర్ మీద చదివారు. ఇంతటి సంపద చేతికి అందుతుంటే, మన పిల్లలు మతం గురించి అర నిమిషం వీడియోల్లో అరుపులు వింటూ పెరగాలా? నేను ఈ స్కూల్లో ఉన్నంత కాలం ఆ పాఠం ఆగదు.

మూలం చూసే అలవాటు ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతాను. 2012లో ఒక పాపిరస్ ముక్క బయటికొచ్చింది. యేసు "నా భార్య" అన్నట్టు అందులో ఉందని ప్రపంచమంతా వార్తలు. పోల్చి చూసినవాళ్ళకు ఆ వాక్యాలు తోమా సువార్త (బైబిల్లో చేరని పాత గ్రంథం) నుంచి ఏరి అతికించినవని అర్థమైంది. ఇంటర్నెట్‌లో ఉన్న తోమా సువార్త పాఠం ఒకదానిలో పొరపాటున ఒక అక్షరం జారిపోయింది. ఆ ముక్కలోనూ సరిగ్గా అదే అక్షరం లేదు! చివరికి 2016లో, దాన్ని ప్రకటించిన ప్రొఫెసరే అది నకిలీ అనడానికే ఆధారాలు ఎక్కువున్నాయని ఒప్పుకున్నారు.

మన పిల్లలు ఈ పని చేయగలరా అంటే, చేస్తున్నారు. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు సినాయిటికస్ పేజీని పెద్దది చేసి, వరుసల మధ్య ఇరికించిన చిన్న అక్షరాలు చూపించి "ఇది వేరే చెయ్యి కదా మేడమ్" అన్నాడు. నిజమే, ఆ ప్రతిని చాలామంది, చాలా కాలం దిద్దారు. ఎవరూ చెప్పకుండా పట్టుకున్నాడు. తొమ్మిదో తరగతి అమ్మాయి అయితే, తోటివాళ్ళ హోంవర్క్‌లో "యూదా పత్రిక 3:12" అని కనిపిస్తే నేరుగా లైబ్రరీకి వెళ్ళి బైబిల్ తీసింది. యూదా పత్రికలో ఉన్నది ఒకే అధ్యాయం, 25 వచనాలు. ఆ పిల్ల పేజీలో వేలు పెట్టి నా గదిలోకి వచ్చినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో రాయలేను.

ఆ లేని వచనం ముగ్గురి హోంవర్క్‌లో ఒకే మాటలతో ఉంది. ఏఐ చాట్‌బాట్ ఇచ్చింది. అడిగితే ఇద్దరు "నాన్నే టైప్ చేసి ఇచ్చారు" అన్నారు. పిల్లలకు సాయం చేయాలన్న మీ తపన నాకు తెలుసు. దయచేసి సమాధానం మీరు తేవద్దు, పుస్తకం వాళ్ళ చేతికివ్వండి. అలాగే క్లాసులోకి ఫోన్ రాకూడదన్న నిబంధన మీరు సంతకం చేసిందే. ఏదైనా ఫార్వర్డ్ చేసే ముందు డైరీలో రెండు ముక్కలు రాసి టీచర్‌ని అడగండి. రాత్రి పదకొండుకు టీచర్లకు ఫోన్ చేసి నిలదీయడం మాత్రం ఇక వద్దు, వాళ్ళకూ పిల్లలున్నారు.

పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం, గుర్తింపు కార్డుల ఫొటోలు సోమవారం తీస్తారు, లైబ్రరీ పుస్తకాలు శుక్రవారంలోగా తిరిగివ్వాలి.

వచ్చే శనివారం ఉదయం పదింటికి అదే పాఠం, అదే టీచర్, అవే పేజీలు, ఈసారి మీకోసం. మీ ఇంట్లో ఉన్న బైబిల్ ఏ అనువాదమైనా వెంట తెచ్చుకోండి. ఫోన్లు ఆఫీసులో ఇచ్చి లోపలికి రావాలి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు