ట్రైలర్ లాగేటప్పుడు క్రూయిజ్ కంట్రోల్

సంపాదకులకు,

కారు వెనుక ట్రైలర్ తగిలించుకుని దూరప్రయాణాలు చేసేవారు, యాక్సిలరేటర్ తొక్కకుండానే మనం పెట్టిన వేగంతో కారును నడిపే క్రూయిజ్ కంట్రోల్‌ను ఎక్కడ ఆపేయాలో తెలుసుకోవడం చాలా అవసరం. పొడిగా, చదునుగా, రద్దీ లేకుండా ఉన్న రహదారిపై దానితో పెద్ద ఇబ్బంది లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు మనిషి వేగం కాస్త తగ్గినా సరిపెట్టుకుంటాడు గానీ, ఆ యంత్రం పెట్టిన వేగాన్నే నిలబెట్టాలని చూస్తుంది కనుక గేర్లు మాటిమాటికీ మారి, ఇంజన్ హోరెత్తి, గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కిపోతుంది. దిగేటప్పుడు వెనుక నుంచి బరువు తోస్తుంటే, ముందుగానే చిన్న గేరులోకి మారడం డ్రైవరు చేయవలసిన పని.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ట్రైలర్ ఊగడం. పక్కనుంచి పెద్ద లారీ దాటిపోయిన గాలికి అద్దంలో ట్రైలర్ అంచు ఒకసారి కనబడి, మాయమై, మళ్లీ కనబడిందంటే, వెంటనే యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్‌ను నిలకడగా పట్టుకోవాలి. కారు బ్రేకును గట్టిగా తొక్కకూడదు. క్రూయిజ్ కంట్రోల్ ఆన్‌లో ఉంటే, మనం దాన్ని ఆపేదాకా ఇంజన్ లాగుతూనే ఉంటుంది, పాదమేమో పెడల్‌కు దూరంగా ఉంటుంది. వానకు తడిసిన రోడ్డుపై చక్రం జారినా ఇదే ప్రమాదం. వాహనంతో వచ్చే పుస్తకంలో ట్రైలర్ గురించిన పేజీలను బయలుదేరే ముందే చదవవలసిందిగా తోటి డ్రైవర్లను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు