షాపులో పాత ఆడియో రికార్డర్లు ఆపేస్తున్నా, ఎందుకో చెప్తా

అందరికీ నమస్కారం. మన షాపులో కెమెరాలు, లైట్లు రెంట్‌కి తీసుకునే నెల్లూరు, కావలి, ఒంగోలు పిలకాయలకీ, పెళ్ళి వీడియోలు తీసే అన్నలకీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పే కంటే ఇట్టా ఒకేసారి రాస్తే మేలనిపించింది. మన దగ్గరున్న రెండు పాత రికార్డర్లు ఈ నెలాఖరు నుంచి రెంట్‌కి ఇవ్వను. వాటి బదులు జూమ్ కంపెనీ ఎఫ్3 రికార్డర్లు రెండు తెచ్చా. రోజుకి 300 తీసుకునేవాడిని, ఇకనుంచి 500. రేటు పెరిగినప్పుడు ఎందుకు పెరిగిందో అడిగే హక్కు మీకుంది కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తా.

పోయిన నెల మన దగ్గర రెగ్యులర్‌గా తీసుకునే పిలకాయలు మైపాడు పోయే దారిలో రొయ్యల గుంటల దగ్గర ఒక షార్ట్ ఫిల్మ్ తీశారు. గుంట గట్టు మీద తండ్రీ కొడుకుల గొడవ, తెల్లారుజామున సీను. ఆ టైములో గుంటల్లో ఏరేటర్లు, అంటే నీళ్ళలో గాలి కలిపే మిషన్లు, తిరగతా ఉంటాయి, ఆ చప్పుడు మీకు తెలుసు, పక్క మనిషి మాట కూడా వినపడదు. తెల్లవారేటప్పుడే నీళ్ళలో ఆక్సిజన్ బాగా తక్కువుంటది కాబట్టి ఆపమంటే ఏ రైతైనా భయపడతాడు, అయినా ఆ గుంట ఆయన మంచి మనసుతో పది నిమిషాలు ఆపాడు. ఆ పది నిమిషాల్లో రెండు టేకులు. తండ్రి మొదట గొంతు తగ్గించి మాట్లాడి మాట్లాడి చివర్లో ఒక్కసారిగా అరుస్తాడు, ఆ అరుపు కోసమే ఆ సినిమా అంతా. గెయిన్, అంటే మైకు సౌండ్ ఎంత పెంచి రికార్డ్ చేయాలనేది, నేనే షాపులో సెట్ చేసి, మెల్లగా మాట్లాడేది సరిగ్గా వినపడాలని కొంచెం ఎక్కువ పెట్టి, దీన్ని ముట్టుకోబాకండి అని చెప్పి పంపించా. రెండు టేకుల్లోనూ అరుపు పగిలిపోయింది. ఎడిటింగ్‌లో కూర్చున్నాక గానీ వాళ్ళకి తెలీలా.

తండ్రి వేషం వేసినాయన చేత డబ్బింగ్ చెప్పించారు, కానీ గట్టు మీద ఆ చలిలో వచ్చిన గొంతు రూములో మళ్ళీ రాదు కదా. సినిమా తీసిన పిల్లోడు వచ్చి నా ముందు ల్యాప్‌టాప్ పెట్టి రెండూ వినిపించాడు, ఒక్క మాట అనలా. నాకు చాలా బాధేసింది. రెంట్ వెనక్కి ఇచ్చేశా, డబ్బింగ్ ఖర్చు కూడా నేనే పెట్టుకున్నా. తప్పు నాది, వాళ్ళది కాదు, ఆ మిషన్‌ది కూడా కాదు.

పాత రికార్డర్లలో జరిగేది ఇదీ. మీటర్‌లో సున్నా అనేది సీలింగ్, సౌండ్ దాన్ని దాటితే పైన ఉన్నదంతా కోసేసినట్టు పోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి ఇవ్వలేదు. అందుకే 24 బిట్‌లో రికార్డ్ చేసేటప్పుడు మామూలు మాటలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేటట్టు పెట్టుకుని పైన జాగా వదలాలి, గుసగుస నుంచి అరుపుదాకా పోయే సీనైతే ఇంకా తగ్గించాలి. పక్కన సౌండ్ చూసుకునే మనిషి ఒకడు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉంటే ఇది పెద్ద పనేం కాదు. మన యూనిట్లలో ఆ మనిషి ఉండడు, కెమెరా పట్టుకున్నోడే బూమ్, అంటే కర్రకి కట్టిన మైకు, కూడా చూసుకుంటాడు, నేను మార్చేదానికి అసలు కారణం అదే.

ఎఫ్3 లో గెయిన్ అనేదే లేదు. లోపల చిన్న శబ్దానికి ఒకటి, పెద్ద శబ్దానికి ఒకటి, మైకు సౌండ్ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు రెండు కలిసి పనిచేసి 32 బిట్ ఫ్లోట్ ఫైల్ రాస్తాయి. అరుపు సున్నా దాటినా ఫైల్‌లో ఉంటది, ఎడిటింగ్‌లో క్లిప్ గెయిన్, అంటే ఆ ముక్క సౌండ్, తగ్గిస్తే చక్కగా కిందికి దిగుతుంది. ఒకాయన టెస్ట్‌కి తీసుకుపోయి సాయంత్రం ఫోన్ చేశాడు, అన్నా ఇది కూడా పగిలిందే, వేవ్ అంతా పైకి కొట్టుకుని ఉండాది అని. తగ్గించి చూడు అన్నా, అంతే, మొత్తం సరిగ్గా ఉంది. కాకపోతే తగ్గించకముందే దాన్ని ఎంపీ3 చేసో 16 బిట్ చేసో వాట్సాప్‌లో పంపిస్తే మాత్రం అక్కడే పగులుతుంది, ఆ తప్పు చేయబాకండి, ఒరిజినల్ ఫైలే ఎడిటర్‌కి ఇవ్వండి.

ఇంక దీంతో కానివి కూడా చెప్పాలి. గాలి మైకుని కొడితే వచ్చే గుబగుబ ఏ బిట్‌లో రికార్డ్ చేసినా గుబగుబే, మైపాడు అయినా కొత్తపట్నం అయినా సముద్రం ఒడ్డున ఉత్త ఫోమ్ చాలదు, బొచ్చు కవర్ ఉండాల్సిందే. ఇకనుంచి మైకుతో పాటు అది ఊరికే ఇస్తా, అడగకపోయినా బ్యాగులో పెడతా. అట్టనే వైర్‌లెస్ మైకు ట్రాన్స్‌మిటర్‌లోనే సౌండ్ పగిలి వస్తే రికార్డర్ ఏమీ చేయలేదు. ఫంక్షన్లలో మిక్సర్ నుంచి లైన్ తీసుకునే అన్నలు ఇన్‌పుట్‌ని మైక్ నుంచి లైన్‌కి మార్చడం మర్చిపోబాకండి, మిక్సర్ నుంచి వచ్చే సౌండ్ మైకు కంటే చాలా బలంగా ఉంటది, గెయిన్ లేదు కదా అని అట్టనే గుచ్చేస్తే ఇన్‌పుట్‌లోనే పగిలే ప్రమాదం ఉంది. అన్నిటికంటే ముందు మైకు మనిషికి దగ్గరగా ఉండాలి. ఎంత మంచి రికార్డరైనా ఎనిమిది అడుగుల దూరంలో మైకు పెడితే మీకు వచ్చేది ఎనిమిది అడుగుల దూరం సౌండే, రేకుల షెడ్డులోనో శ్లాబు గదిలోనో అయితే దాంతోపాటు గోడల మోత.

కొనుక్కోవాలనుకునేవాళ్ళు నన్ను చాలామంది అడుగుతున్నారు. అందరికీ ఎఫ్3 అవసరం లేదు, దానికి సొంత మైకు కూడా ఉండదు, బయట మైకు కేబుల్ గుచ్చే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లు రెండు, అంతే. యూట్యూబ్‌కి ఒక్కడే మాట్లాడే వీడియోలు చేస్తా ఉంటే జూమ్ హెచ్1 ఎసెన్షియల్ సరిపోద్ది, అదీ 32 బిట్ ఫ్లోటే, సొంత మైకులుంటాయి, కానీ ఎక్స్‌ఎల్‌ఆర్ లేదు. సొంత మైకులూ కావాలి, ఎక్స్‌ఎల్‌ఆరూ కావాలంటే హెచ్4 ఎసెన్షియల్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లు రెండుంటాయి, హెచ్6 ఎసెన్షియల్‌లో నాలుగు. ఈ మూడూ 2024లో వచ్చినయ్యే, పాత హెచ్4ఎన్, హెచ్6 తో కలగలుపుకోబాకండి, పేర్లు దగ్గరగా ఉన్నా అవి 32 బిట్ ఫ్లోట్ కాదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఇది బాగా చూసుకోండి. సౌండ్ డివైసెస్ కంపెనీ మిక్స్‌ప్రీ రికార్డర్ల లాంటివి గొప్ప మిషన్లు, నిజమే, కానీ ఆ రెంట్ మన పిలకాయలు కట్టలేరు, అందుకే తేలా.

నాటకాలు, హరికథలు రికార్డ్ చేసేవాళ్ళకి ఒక మాట. కెమెరా గడియారం వేరు, రికార్డర్ గడియారం వేరు, మొదట్లో చప్పట్లు కొట్టి సింక్ చేసినా గంటకో గంటన్నరకో కొన్ని ఫ్రేములు జరుగుతుంది. చివర్లో కూడా ఒకసారి చప్పట్లు కొట్టండి, రెండు చప్పట్ల మధ్య ఎంత జరిగిందో చూసి సరిచేసుకోవచ్చు. కార్డు గురించి బెంగ వద్దు, రెండు ఛానళ్ళు 48 కిలోహెర్ట్జ్‌లో గంటకి 1.4 జీబీ దాకా పడుతుంది, నేనిచ్చే 32 జీబీ కార్డులో 20 గంటలపైనే వస్తది. బ్యాటరీల గురించి మాత్రం బెంగ పెట్టుకోండి, ఎఫ్3 కి రెండు ఏఏ సెల్లులే, షాట్‌గన్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్, అంటే కేబుల్ గుండా మైకుకి పోయే కరెంటు, ఇస్తే ఇంకా తొందరగా అయిపోతాయి. ఛార్జ్ చేసిన సెల్లులు నాలుగు జతలు ఇస్తా, ఒక పవర్ బ్యాంకు కూడా ఇస్తా. రికార్డ్ అవతా ఉండగా సెల్లులు పీకబాకండి, స్టాప్ నొక్కి ఫైల్ సేవ్ అయ్యాకే ఆపండి.

ఇకమీదట షాపులోంచి రికార్డర్ బయటికి పోయే ముందు మీ మైకు, మీ కేబులు తెచ్చుకుని నా ముందే గుసగుసగా ఒకసారి, గట్టిగా అరిచి ఒకసారి రికార్డ్ చేసి, ల్యాప్‌టాప్‌లో వినే పోవాలి. పది నిమిషాలు పట్టుద్ది, తొందరలో ఉన్నామన్నా వదలను. పాత రికార్డర్లకి అడ్వాన్స్ కట్టినవాళ్ళు వచ్చే నెల కూడా పాత రేటుకే కొత్తవి తీసుకుపోండి, తేడా అడగను.

గుంట ఆయన ఇంకో పది నిమిషాలు ఆపుతానన్నాడంట. ఆ పిలకాయలు వచ్చే ఆదివారం మళ్ళీ పోతున్నారు. ఎఫ్3 ఒకటి ఆ రోజుకి వాళ్ళ పేరు రాసి పక్కన పెట్టేశా, రెంట్ తీసుకోను, హెడ్‌ఫోన్ పెట్టుకుని నేను కూడా పోతున్నా. కాబట్టి ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు మూసుంటది, ఏమనుకోబాకండి.