లిమిట్ పెడితే బిల్లు తగ్గదు

సంపాదకులకు నమస్కారం.

డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకునేవాళ్ల కోసం మీరు వేస్తున్న పాఠాలు బాగున్నాయి. క్వెరీ, అంటే ఆ ప్రశ్న, రాయడం చెబుతున్నారు, నడపడం చెబుతున్నారు. నడిపే ముందు దానికెంత ఖర్చవుతుందో చూసుకోవడం మాత్రం ఎక్కడా రాలేదు. కొత్తగా చేరినవాళ్ల క్వెరీలు సరిచూడటం నా ఉద్యోగంలో భాగం కాబట్టి ఈ లోటు నాకు రోజూ తగులుతూనే ఉంటుంది.

చివర్లో ‘లిమిట్ 10’ పెడితే పది వరుసలకే డబ్బు పడుతుందని వాళ్లలో చాలామందికి గట్టి నమ్మకం. గూగుల్ క్లౌడ్‌లోని డేటా సేవ బిగ్‌క్వెరీలో, వాడినంతకే కట్టే ఆన్-డిమాండ్ పద్ధతిలో లెక్కకు వచ్చేది చూపించిన వరుసలు కాదు, చదివిన బైట్లు. మామూలు టేబుల్ మీద లిమిట్ ఎంత పెట్టినా, అడిగిన కాలమ్‌లు మొత్తం చదవాల్సిందే. ‘సెలెక్ట్ స్టార్’ అన్నారా, అన్ని కాలమ్‌లూ చదివినట్టే. నెలకు మొదటి టెరాబైట్ ఉచితం. అది అయిపోయాక అమెరికా రీజియన్ ధర టెరాబైట్‌కు 6.25 డాలర్లు. అంటే రెండు టెరాబైట్ల టేబుల్‌లో ‘ఊరికే ఓ పది వరుసలు చూద్దాం’ అనుకుంటే పన్నెండున్నర డాలర్లు! చూడటానికే అయితే ప్రివ్యూ ట్యాబ్ ఉంది, దానికేమీ పడదు.

డ్రై రన్ కూడా ఉచితమే. క్వెరీని నడపకుండానే ఎన్ని బైట్లు చదువుతుందో చెప్పేస్తుంది. కన్సోల్‌లోనైతే క్వెరీ రాస్తుండగానే ఆ అంకె కనిపిస్తుంది, అయినా అటు చూసేవాళ్లు తక్కువ. క్లస్టర్ చేసిన, అంటే ఒకేలాంటి విలువలున్న వరుసల్ని దగ్గరగా సర్దిన, టేబుళ్లకు అది గరిష్ఠ అంచనా, అసలు ఖర్చు అంతకన్నా తగ్గవచ్చు. బైట్లకు ముందే హద్దు పెట్టే సెట్టింగ్ కూడా ఉంది. అంచనా ఆ హద్దు దాటితే క్వెరీ నడవదు, ఛార్జీ పడదు. కొన్నిచోట్ల బిల్లు భయంతో కొత్తవాళ్లకు టేబుళ్లే చూపించరు. ఈ సెట్టింగ్ ఉండగా అంత కట్టడి దేనికో నాకు అర్థం కాదు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సంగతి వేరు. అక్కడ క్వెరీ ముందు ‘ఎక్స్‌ప్లెయిన్’ పెడితే చూపించే కాస్ట్ డబ్బూ కాదు, మిల్లీసెకన్లూ కాదు. డిఫాల్ట్‌గా డిస్క్‌లోని ఒక పేజీని (ఒక డేటా ముక్కను) వరుసక్రమంలో చదవడాన్ని 1 అనుకుని వేసే లెక్క అది. ఒకే డేటా మీద రెండు క్వెరీలను పోల్చుకోవడానికి పనికొస్తుంది. దాని పక్కన ‘అనలైజ్’ చేర్చారంటే మాత్రం అంచనాతో ఆగదు, క్వెరీ నిజంగానే నడుస్తుంది. డిలీట్ ముందు పెడితే వరుసలు పోతాయి. ట్రాన్సాక్షన్‌లో పెట్టి రోల్‌బ్యాక్ చేయాలి, అంటే జరిగిన మార్పును వెనక్కి తిప్పాలి.

టేబుళ్లను కలిపే జాయిన్‌ల పాఠం వేసేలోపు ఇవి ఒక్క భాగంగా వేయగలరా? జాయిన్‌ల దగ్గరికి వచ్చేసరికి టేబుళ్లు పెద్దవవుతాయి.

– ఒక డేటా ఇంజినీర్