టెలివిజన్ చరిత్రలో మరచిన లేఖ

సంపాదకులు గారికి,
నమస్కారం.

టెలివిజన్ పుట్టుకపై ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. జాన్ లోగీ బెయిర్డ్ 1926 జనవరి 26న లండన్‌లోని సోహో ప్రాంతంలో, ఒక ఇంటి పైఅంతస్తు గదిలో, రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థ సభ్యుల ఎదుట కదిలే బొమ్మను ప్రసారం చేసి చూపిన ఘట్టాన్ని వ్యాసకర్త చక్కగా వర్ణించారు. అయితే ఆనాటి యంత్రమే అంచెలంచెలుగా మెరుగుపడి మనమెరిగిన టీవీ అయిందన్న అర్థం వచ్చేలా వ్యాసాన్ని ముగించడం సరికాదని నా మనవి.

బెయిర్డ్ యంత్రానికి ఆధారం పాల్ నిప్కో 1884లోనే జర్మనీలో పేటెంటుకు దరఖాస్తు చేసిన చక్రం. దాని మీద చుట్టలా తిరిగే వరుసలో రంధ్రాలుంటాయి. చక్రం తిరుగుతుంటే ఒక్కో రంధ్రం దృశ్యం మీదుగా ఒక్కో గీత గీసినట్టు సాగిపోతుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఒక బొమ్మ పూర్తవుతుంది. బెయిర్డ్ బొమ్మలో ఉన్నవి 30 గీతలే. స్పష్టత కోసం గీతలు పెంచుదామంటే రంధ్రాలు పెరగాలి, వాటి పరిమాణం తగ్గాలి, దాంతో లోపలికి వచ్చే వెలుతురు కూడా తగ్గిపోతుంది. 1925 అక్టోబరులో బెయిర్డ్ కింది అంతస్తు నుంచి తీసుకొచ్చి కూర్చోబెట్టిన ఆఫీసు కుర్రాడు విలియం టేంటన్ దీపాల వేడికి తాళలేక పక్కకు జరిగితే, రెండో గదిలోని తెర మీద ఏమీ కనిపించలేదట! అర క్రౌను నాణెం చేతిలో పెట్టి అతణ్ణి మళ్లీ కూర్చోబెట్టవలసి వచ్చింది. అంత వెలుతురు పోస్తే తప్ప పని చేయకపోవడం ఆ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లోపమే.

చక్రం అవసరం లేని రెండో దారిని చూపినది, నాబోటి వారికి సంతోషం కలిగించే విధంగా, సంపాదకుడికి రాసిన ఒక లేఖ. బ్రిటన్‌కు చెందిన ఇంజనీరు ఎ.ఎ. క్యాంప్‌బెల్ స్వింటన్ రాసిన ఆ లేఖను నేచర్ అనే విజ్ఞాన పత్రిక 1908 జూన్ 18న ప్రచురించింది. పంపే చోట ఒకటి, అందుకునే చోట ఒకటి చొప్పున రెండు కాథోడ్ కిరణాలను (గాలి తీసేసిన గొట్టంలో సాగే ఎలక్ట్రాన్ల ధారలను) విద్యుదయస్కాంతాలతో ఒకే లయలో వంచుతూ, సెకనులో పదో వంతు కాలంలో దృశ్యమంతటి మీదా తిప్పితే దూరదృశ్యం సాధ్యమవుతుందని ఆయన అందులో సూచించారు. తిరిగే చక్రాల ఊసే లేదు. కాథోడ్ కిరణ గొట్టాన్ని కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లోనే తయారు చేశారు కనుక, బొమ్మను అందుకునే వైపు పని కొంత తేలికే. అసలు చిక్కంతా కెమెరా వైపు ఉందని స్వింటన్ దాచకుండా ఒప్పుకున్నారు. ఆ చిక్కు విప్పడానికి దాదాపు పాతికేళ్లు పట్టింది. ఫైలో ఫార్న్స్‌వర్త్ 1927 సెప్టెంబరు 7న శాన్ ఫ్రాన్సిస్కోలో పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఒక గీతను మాత్రం పంపగలిగారు. అప్పటికి ఆయనకు 21 ఏళ్లు. ఆ తరవాత వ్లాదిమిర్ జ్వొరికిన్ బృందం రూపొందించిన ఐకనోస్కోప్ అనే కెమెరా గొట్టంతో ఎలక్ట్రానిక్ కెమెరా నిజంగా పనికొచ్చే స్థితికి చేరింది.

రెండు దారులకూ ముఖాముఖి పోటీ జరిగింది లండన్‌లోనే. బీబీసీ 1936 నవంబరు 2న అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి క్రమబద్ధమైన ప్రసారాలు ప్రారంభించినప్పుడు, బెయిర్డ్ సంస్థ 240 గీతల పద్ధతినీ, మార్కోనీ-ఈఎంఐ వారి 405 గీతల ఎలక్ట్రానిక్ పద్ధతినీ వారం మార్చి వారం వాడింది. బెయిర్డ్ స్టూడియోలో కదపడానికి వీల్లేని కెమెరాతో ఫిల్ము తీసి, అక్కడికక్కడే కడిగి, తడి ఆరకముందే స్కాన్ చేసేవారు; నటుడు మాట పూర్తి చేసిన సుమారు నిమిషానికి గాని అది ప్రేక్షకుడికి చేరేది కాదు. అవతలివారి కెమెరాను ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు, బొమ్మ వెంటనే వచ్చేది. 1937 ఫిబ్రవరికల్లా బెయిర్డ్ పద్ధతిని పక్కన పెట్టేశారు. నా దృష్టిలో టెలివిజన్ చరిత్రలో 1926 కంటే నిర్ణాయకమైనవి ఈ మూడు నెలలే.

ఇది బెయిర్డ్‌ను చిన్నబుచ్చడానికి రాయడం లేదు. కదిలే మనిషి ముఖాన్ని దూరాన చూపడం కుదిరే పనేనని జనం నమ్మేలా చేసినవారిలో ఆయన ముందువరుసలో ఉంటారు. పైగా ఆయన కూడా చక్రాన్నే పట్టుకుని కూర్చోలేదు; 1944లో కాథోడ్ కిరణాలతో పనిచేసే రంగుల పిక్చర్ ట్యూబును ప్రదర్శించారు. వ్యాసకర్త ఈ విషయాన్ని కూడా వదిలేశారు. వీలైతే స్వింటన్ లేఖకు తెలుగు అనువాదాన్ని మీ పత్రికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. అదేమంత పెద్దది కాదు, ఒక కాలమ్‌లో సరిపోతుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు